నేను చెప్పని అంకెలు

ఫిబ్రవరి 3

ఈ డైరీ ఎందుకు మొదలుపెట్టానో ముందు రాసి పెట్టుకోవాలి. తర్వాత అది కూడా మర్చిపోతానేమో.

నిన్న ఖగోళ పత్రికకు పంపాల్సిన పరిశోధన పేపర్ కోసం పాత పుస్తకాలు తెరిచాను. దోబూచి అని మేం పిలుచుకునే నక్షత్రం మీద ఇరవై ఏడేళ్ళుగా రాయించిన పుస్తకాలు. ప్రతి ఏడాదీ చివర మా ఆవిడ సగటు తీసి ఇస్తుంది, నేను గ్రాఫ్ మీద ఒక చుక్క పెడతాను. అంతకుమించి లోపలి పేజీలు చూసే అలవాటు లేదు. ఈసారి ఎడిటర్ గారు ఏ రోజుకారోజు అంకెలు కూడా జత చేయమన్నారు. సరే అని తిరగేస్తుంటే కిందటి నవంబర్ పంతొమ్మిది దగ్గర చెయ్యి ఆగిపోయింది.

ఆ రోజు నాకు శుభ్రంగా గుర్తుంది. దోబూచి పూర్తి గ్రహణంలో ఉంది. నేను ఎనిమిది పాయింట్ రెండు అన్నాను. వరసగా మూడుసార్లు అదే అంకె వచ్చేసరికి "ఇవాళ దీనికి ఇంకో అంకె చేతకాదేమోనోయ్" అని నవ్వాను కూడా. పుస్తకంలో మూడుచోట్లా ఎనిమిది పాయింట్ ఆరు అని ఉంది. మా ఆవిడ దస్తూరీయే. కొట్టివేత లేదు, దిద్దుబాటు లేదు.

మా లెక్కలో అంకె పెరిగితే వెలుగు తగ్గినట్టు. రెండుకీ ఆరుకీ మధ్య తేడా కళ్ళున్నవాడెవడైనా చెప్పేస్తాడు. అంత తేడాని నేను తప్పు గుర్తుపెట్టుకున్నానా?

అన్నయ్యకి ఇలాగే మొదలైంది. తాళాలు ఎక్కడ పెట్టాడో మర్చిపోవడంతో కాదు. పెట్టని చోట పెట్టానని గట్టిగా గుర్తుండడంతో. నాలుగేళ్ళ క్రితం చూడ్డానికి వెళ్తే "మీరు ఎవరి కోసం వచ్చారండీ" అని నన్ను అడిగాడు. వాడికి అరవై నాలుగో ఏట మొదలైంది. నాకిప్పుడు అరవై రెండు.

ఇకనుంచి నేను చెప్పిన అంకెలు మర్నాడు పొద్దున్నే ఆఫీసులో, ఎవరూ రాకముందు, ఇందులో రాస్తాను. పుస్తకంతో సరిచూసుకుంటాను. ఇంట్లో చెప్పను.

ఫిబ్రవరి 4

పని చేసే పద్ధతి కూడా రాసి ఉంచడం మంచిది. అదీ మర్చిపోయిన రోజున పనికొస్తుంది.

దోబూచి అంటే ఒక్క చుక్కలా కనబడే రెండు నక్షత్రాలు. ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతుంటాయి. మూడు రోజులకోసారి ఎర్రగా ఉన్న పెద్దది తెల్లగా ఉన్న చిన్నదానికి అడ్డమొస్తుంది. అప్పుడు వెలుగు పడిపోతుంది. ఎంత పడిందో పక్కనున్న మారని చుక్కలతో పోల్చి, కంటితోనే చూసి అంకె చెప్పాలి. కేటలాగ్‌లో దీనికి బారెడు నంబరుంది. దోబూచి అన్న పేరు మా ఆవిడ పెట్టింది.

పది నిమిషాలకోసారి నేను టెలిస్కోప్‌లో చూసి అంకె చెబుతాను. ఆవిడ ఎర్రబల్బు వెలుగులో టైము, అంకె రాస్తుంది. మధ్యలో కన్ను చీకటి అలవాటు తప్పకుండా నల్లగుడ్డ కట్టుకుని కుర్చీలో కూర్చుంటాను. రాసినవి నేను చూడకూడదు. ముందు చెప్పిన అంకె కంటబడితే కన్ను దానివైపే మొగ్గుతుంది. ఈ నియమం ఇరవై ఏడేళ్ళలో ఒక్కసారి కూడా తప్పలేదు. చెప్పిన అంకెను కూడా వెంటనే మనసులోంచి తుడిచేసుకుంటాను, నవ్వుకున్నాను కాబట్టి ఆ నవంబర్ రోజుది నిలిచిపోయింది. అబ్జర్వేటరీలో అందరూ కెమెరాలకు మారిపోయారు. రిటైరయ్యాక కూడా వెనకాల టెలిస్కోప్ ఉన్న చిన్న గుమ్మటం, ఈ బల్ల నాకు వదిలేశారు. పెద్దాయన ఏదో చేసుకుంటున్నాడులే అని.

ఫిబ్రవరి 9

నిన్న గ్రహణం. నేను చెప్పినవి: 8.2, 8.2, 8.1.

మా ఆవిడ పొద్దున ఫ్యాక్టరీలో షిఫ్టుకు వెళ్ళాక గుమ్మటంలోకి వెళ్ళి పుస్తకం తీశాను. పుస్తకంలో: 8.6, 8.6, 8.5.

నా డైరీ తెల్లారాక జ్ఞాపకం మీద రాసింది. పుస్తకం అప్పటికప్పుడు రాసింది. ఎవరిని అడిగినా పుస్తకాన్నే నమ్మాలంటారు. నేనైనా అదే అంటాను.

ఫిబ్రవరి 10

బల్ల మీద బల్బు మార్చమని మూడోసారి చెప్పాను. ఈ కొత్త బల్బుల్లో బొత్తిగా వెలుగు లేదు. మార్చామంటున్నారు.

ఫిబ్రవరి 12

పొద్దున్నే పదిహేడో ఎక్కం చదివాను, వెనక నుంచి కూడా. ఒక్క తప్పూ రాలేదు. ఇప్పటిదాకా పనిచేసిన డైరెక్టర్ల పేర్లు వరసగా చెప్పుకున్నాను. ఒకాయన దగ్గర తడబడ్డాను, కానీ ఆయన పనిచేసిందే ఆర్నెల్లు. మా పెళ్ళికి ఎవరెవరు రాలేదో కూడా గుర్తుంది. ఇంత గుర్తున్నవాడికి రాత్రి చెప్పిన అంకె పొద్దుటికి ఎలా మారిపోతుంది?

వదినకు ఫోన్ చేశాను. అన్నయ్య ఎలా ఉన్నాడంటే "అలాగే" అంది. మొదట్లో ఎలా ఉండేదని అడగబోయి మానేశాను. ఎందుకడుగుతున్నావంటుంది.

ఫిబ్రవరి 15

నిన్న చిన్న అట్టముక్క, పెన్సిలు జేబులో పెట్టుకుని వెళ్ళాను. అంకె చెప్పి, గుడ్డ కట్టుకుని, ఆ చీకట్లోనే తడుముకుంటూ అట్ట మీద రాశాను. జ్ఞాపకం ప్రసక్తే లేదు. నోట్లోంచి మాట, వెంటనే చేతిలోంచి రాత.

అట్ట మీద 8.2. పుస్తకంలో 8.6.

నా బుర్ర బాగుంది! ఆఫీసులో ఒక్కణ్ణే కూర్చుని గట్టిగా నవ్వాను. తుడిచే ఆవిడ తొంగిచూసి వెళ్ళింది. మధ్యాహ్నం దాకా ఆ సంబరంలోనే ఉన్నాను. భోజనం దగ్గర ఇంకో సంగతి తట్టింది. నేను చెప్పింది నేను చెప్పినట్టే ఉంటే, తప్పు రాస్తున్నది ఎవరు?

ఫిబ్రవరి 18

మూడు రోజులుగా మా ఆవిణ్ణి గమనిస్తున్నాను. స్టవ్ ఆపడం మర్చిపోలేదు. గేటు తాళం మర్చిపోలేదు. నిన్న కావాలని "మనమ్మాయి ఏ వారం పుట్టిందోయ్" అన్నాను.

"గురువారం. మీరు ఆస్పత్రికి రాకుండా గ్రహణం చూస్తూ కూర్చున్నారుగా. ఇప్పుడెందుకు?" అంది.

జ్ఞాపకానికి ఢోకా లేదు.

కానీ ఇవాళ ఒకటి దొరికింది. తెల్ల చొక్కా పచ్చగా అయిపోయిందేమిటి, సబ్బు మార్చావా అని అడిగాను. "తెల్లగా పాలలా ఉంది. మీ కళ్ళు చూపించుకోండి మహానుభావా, ఎన్నాళ్ళనుంచి మొత్తుకుంటున్నాను" అంది. రంగుల కంపెనీలో ముప్పై ఏళ్ళుగా షేడ్లు సరిచూస్తున్న మనిషికి తెలుపేదో పచ్చేదో తెలియకపోవడం ఏమిటి? పాపం, ఆవిడకే ఏదో అవుతోంది. ఎవరికి చూపించాలో తోచడం లేదు.

ఫిబ్రవరి 21

ఎడిటర్ గారి మెయిల్. మార్చి పదికల్లా పంపాలి. ఈ సంచికలో మొదటి పేపర్‌గా వేస్తారట.

గ్రాఫ్‌ని గోడకు అంటించి కాసేపు చూశాను. పన్నెండేళ్ళపాటు గ్రహణం లోతు 8.6 దగ్గర గీత గీసినట్టు ఉంది. తర్వాత పదకొండేళ్ళు కొద్దికొద్దిగా వెలుగెక్కుతూ 8.2 దాకా వచ్చింది. నాలుగేళ్ళ క్రితం ఉన్నట్టుండి మళ్ళీ 8.6కి పడిపోయి అక్కడే ఉండిపోయింది. ఏ జంట నక్షత్రం ఇలా చేసినట్టు నేను చదవలేదు. జీవితమంతా చూసినవాడికి దక్కిన ఒక్క కొత్త సంగతి ఇది. మా ఆవిడ రాతలో తప్పుంటే ఇది కూడా తప్పే. ఉండకూడదు.

ఫిబ్రవరి 24

అబ్జర్వేటరీలో కెమెరాలు చూసుకునే మేడమ్‌ని బతిమాలి, నిన్నటి గ్రహణాన్ని పెద్ద టెలిస్కోప్ మీది కెమెరాతో తీయించాను. ఆవిడకు ముప్పై ఐదుంటాయి, చుక్కని కంటితో చూసిన పాపాన పోదు. "మీ దోబూచిని మా కెమెరాతో తీయడం ఏంటి సార్, మీకు కోపం రాదా?" అని నవ్వింది. సరిచూసుకోవాలని మాత్రం చెప్పాను.

నేను చెప్పింది: 8.2.
పుస్తకం: 8.6.
కెమెరా: 8.61.

మళ్ళీ మళ్ళీ చూశాను. నేను చెప్పింది తప్పు. నేను చెప్పనిది ఒప్పు.

ఫిబ్రవరి 25

నేను చెప్పనిది ఆవిడకు ఎలా తెలిసింది?

ఫిబ్రవరి 26

బట్టీపట్టి ఉంటుంది. నాలుగేళ్ళుగా ఆ అంకె రాసి రాసి, నేను ఏం చెప్పినా చెయ్యి అదే రాసేస్తూ ఉంటుంది. అంతే.

అంతే అయితే వెలుగు దిగేటప్పుడు, ఎక్కేటప్పుడు ఆవిడ రాసినవి కూడా కెమెరాతో ఎందుకు కలుస్తున్నాయి? పది అంకెల్లో ఎనిమిది కలిశాయి. నావాటిలో ఒకటే. అది కూడా గ్రహణం పట్టకముందుది.

మార్చి 2

నిన్న గుడ్డ కొంచెం వదులుగా కట్టుకున్నాను. అంకె చెప్పి కుర్చీలో వెనక్కి వాలి, తల కాస్త ఎత్తితే ముక్కు పక్కనుంచి సందు దొరికింది.

మా ఆవిడ పుస్తకం ఒళ్ళోంచి తీసి పక్కన పెట్టింది. చెప్పులు విప్పింది, చప్పుడు కాకుండా. కొంగు బొడ్లో దోపుకుని, ఎడంచెయ్యి వెనక్కి పెట్టుకుని, టెలిస్కోప్ దగ్గర వంగింది. చాలాసేపు చూసింది. నేను కూడా అంతసేపు చూడను. తర్వాత వచ్చి కూర్చుని రాసింది.

ప్రతి పది నిమిషాలకూ ఇదే. నేను గుడ్డ సర్దుకుని, నా వంతు రాగానే లేచి అంకె చెబుతూ పోయాను.

మార్చి 3

పొద్దున టీ దగ్గర అడిగేశాను.

"మొన్న గుడ్డ జరిపి చూశాను" అన్నాను.

ఆవిడ గ్లాసు కింద పెట్టింది. "ఏం కనబడింది?"

"నువ్వే."

"హమ్మయ్య" అంది. నేను ఎదురుచూసిన మాట అది కాదు. "ఎప్పుడు పట్టుకుంటారా అని నాలుగేళ్ళనుంచి చూస్తున్నానండీ. నావల్ల కావడం లేదు."

"ఎందుకు చేశావ్ ఈ పని?"

"మీరు బావగారిని చూసొచ్చిన వారం గుర్తుందా? ఆ రోజు మీరు ఎనిమిది పాయింట్ రెండు అన్నారు. ఎందుకో అనుమానమొచ్చి వంగి చూశాను. చుక్క ఆరిపోయేలా ఉంది. ఆరుకి తక్కువ లేదు. చెబుదామని మీ వైపు తిరిగితే గుడ్డ కిందనుంచి నీళ్ళు కారుతున్నాయి. అన్నగారు గుర్తుపట్టలేదని ఏడుస్తున్న మనిషికి, మీ కన్ను కూడా పోయిందని ఎలా చెప్పమంటారు? ఈ ఒక్క రోజుకేలే అనుకున్నాను."

"మర్నాడు చెప్పొచ్చుగా!"

"చెప్పాను. కంటి డాక్టర్ దగ్గరికి వెళ్దామన్నాను. గిన్నె విసిరేశారు. ఇదిగో, సొట్ట కూడా ఉంది."

సొట్ట ఉంది. విసిరినట్టు నాకు బొత్తిగా గుర్తులేదు.

"చూడ్డం నీకెవరు నేర్పారు?" అన్నాను. వెటకారంగానే అన్నాను.

"మీరే. ఇన్నేళ్ళు పక్కన కూర్చుని వింటున్నానుగా. పై చుక్క కంటే ఇంత తక్కువ, కింది చుక్క కంటే ఇంత ఎక్కువ. మా ఫ్యాక్టరీలో పొద్దస్తమానం చేసేది అదే. అక్కడ డబ్బాలు, ఇక్కడ చుక్కలు."

"నా పేరు మీద అబద్ధం రాశావు."

"కనబడిందే రాశాను. కనబడనిది చెబుతున్నది మీరు."

టీ చల్లారిపోయింది. ఇద్దరం తాగలేదు. నా బుర్ర చెడలేదని సంతోషపడాలో, కన్ను పోయిందని ఏడవాలో, మోసపోయానని మండిపడాలో తెలియలేదు. మూడూ ఒకేసారి వచ్చి, చివరకు చెప్పులేసుకుని ఆఫీసుకు వచ్చేశాను.

మార్చి 5

గ్రాఫ్ చూశాను. ఇవాళ ఏమీ రాయను.

మార్చి 6

అన్నయ్యను చూడ్డానికి వెళ్ళింది ఆ ఏడాది డిసెంబర్ మొదట్లో. దోబూచి మళ్ళీ 8.6కి పడిపోయిన మొదటి గ్రహణం ఆ డిసెంబర్ ఏడు.

అయితే ఏమిటి? నక్షత్రం కూడా సరిగ్గా అదే వారంలో మారి ఉండొచ్చు. ఉండకూడదని ఎక్కడైనా రాసుందా?

పోల్చుకునే చుక్క నీలంగా ఉంటుంది. గ్రహణంలో దోబూచి ఎర్రబారుతుంది. కంట్లో పొర ఏర్పడితే అది నీలాన్ని మింగేస్తుంది, ఎరుపుని వదిలేస్తుంది. నీలంది మసకబారేసరికి పక్కన ఎర్రది వెలిగిపోతున్నట్టు ఉంటుంది. ఈ సంగతి నేను కొత్తవాళ్ళకి పాఠంగా చెప్పేవాణ్ణి. ముసలి కళ్ళని నమ్మకండర్రా అని నవ్వించేవాణ్ణి.

మార్చి 8

మా ఆవిడకు గ్రాఫ్ సంగతి తెలియదు, ఏ ఏడాది సగటు ఆ ఏడాదే తీసి ఇచ్చింది, అన్నీ వరసగా ఎప్పుడూ చూడలేదు. నేను అలిగానని అనుకుంటోంది. కెమెరాతో సరిచూసిన సంగతి మాత్రం చెప్పాను.

"అంకెలు ఒప్పేనని కెమెరా కూడా అందిగా. మీ పేరు మీదే పంపేయండి. నా పేరు ఎవరికి కావాలి? ఇన్నేళ్ళ కష్టం" అంది.

అంకెలు ఒప్పే. అదే కదా గొడవ.

మార్చి 9

పేపర్ పంపాను. గుండెల మీంచి బరువు దిగింది. మా ఆవిడకు చెప్పాను. కళ్ళు తుడుచుకుంది.

మార్చి 10

నిన్న రాసింది అబద్ధం. పంపలేదు. ఆవిడకు పంపానని చెప్పింది మాత్రం నిజం. నేను తప్ప ఎవరూ చదవని డైరీలో కూడా అబద్ధమాడే స్థితికొచ్చాను.

షిఫ్టు నుంచి వచ్చి ఆవిడ కాళ్ళు కడుక్కునేదాకా ఆగాను. గోడ మీంచి తీసుకొచ్చిన గ్రాఫ్‌ని మంచం మీద పరిచాను.

"ఈ పన్నెండేళ్ళూ ఎనిమిది పాయింట్ ఆరు. అప్పుడు నా కన్ను బాగుండేది. ఇక్కణ్ణుంచి పదకొండేళ్ళు మెల్లగా లేస్తోంది చూడు, ఇది నా కంట్లో పొర. ఇక్కడ టక్కున పడిపోయింది."

ఆవిడ ఆ చోట వేలు పెట్టింది. వేలికి రంగు మరక ఉంది. "ఇక్కడ?"

"ఇక్కడ నువ్వు."

ఆ వేలిని గీత వెంట వెనక్కి, మొదటి దాకా జరిపింది. తర్వాత చిన్న గొంతుతో "అంటే దోబూచికి ఏమీ కాలేదా?" అంది.

"ఏమీ కాలేదు. మొదటి రోజు ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది."

"నేను చేసిన పనికి మీ పేపర్ పోయిందన్నమాట." ఈసారి నిజంగానే ఏడ్చింది. "చెప్పేసి ఉండాల్సింది. ఇంకో గిన్నె విసిరేసేవారు, అంతేగా."

ఆవిడ మీద నాకు ఇంకా కోపముంది. ఉందనే రాస్తున్నాను. కానీ ఆవిడ నేను చెప్పినట్టే రాస్తూ పోయి ఉంటే గ్రాఫ్ ఇంకా పైకి లేస్తూనే ఉండేది. దోబూచి ఏడాదికేడాది వెలుగెక్కుతోందని ఊరంతా చాటి చచ్చిపోయేవాణ్ణి. ఆ మాట ఆవిడతో అన్నాను. ఓదార్పుకి అనలేదు, లెక్క అలాగే ఉంది.

నా కుడిచెయ్యి తెలియకుండానే ఆవిడ వీపు మీదకు వెళ్ళింది. తర్వాత ఇద్దరం కూర్చుని ఎడిటర్ గారికి ఉత్తరం రాశాం.

"పేపర్ పంపడం లేదు. ఆ నక్షత్రంలో ఏ మార్పూ లేదు. మొదటి పన్నెండేళ్ళ అంకెలు వాడుకోండి. తర్వాతి పదకొండేళ్ళవి కొట్టేయండి, అవి నా కంటి దోషం. చివరి నాలుగేళ్ళవి చూసింది నేను కాదు, నా భార్య. వాటిని ఎవరు ఎలా పరీక్షించుకున్నా నిలబడతాయి."

ఆవిడ చదివి పెదవి విరిచింది. "ఉత్తి 'నా భార్య' అంటే వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి రాసిందనుకుంటారు. ముప్పై ఏళ్ళుగా రంగుల షేడ్లు సరిచూసే ఉద్యోగమని రాయండి."

రాశాను. ఆవిడ చూస్తుండగానే పంపాను.

మార్చి 12

ఎడిటర్ గారి జవాబు రెండు వాక్యాలు. విచారిస్తున్నారట. చివరి నాలుగేళ్ళ అంకెలకు పరిశీలకురాలి పూర్తి పేరు కావాలట. ఆవిడ ఆ రెండో వాక్యాన్ని ఫోన్‌లో పెద్దక్షరాలు చేసుకుని రెండుసార్లు చదువుకుంది. నేను చూడనట్టు ఊరుకున్నాను.

మార్చి 17

కంటి ఆస్పత్రి. ఇద్దరం వెళ్ళాం. గ్రాఫ్ చుట్టి చంకలో పెట్టుకున్నాను. ఎందుకండీ అంది ఆవిడ. ఎందుకో నాకూ తెలియదు, వదిలి రాబుద్ధి కాలేదు.

డాక్టర్ పెద్దావిడ, మాటల్లో తొందర. లైటు వేసి చూసి "కుడికన్ను బాగా ముదిరింది. ఎడమది కూడా మొదలైంది. ఎప్పటినుంచి మసకగా ఉంది?" అంది.

నోరు తెరిచాను. ఈమధ్యేనని చెప్పబోయాను. అదే అలవాటు. దానికి బదులు గ్రాఫ్ విప్పి డాక్టర్ బల్ల మీద పరిచి, పేపర్‌వెయిటు పెట్టాను. అడ్డంగా ఏళ్ళు, నిలువుగా నా చూపు అని చెప్పాను. పన్నెండేళ్ళు తిన్నగా, పదకొండేళ్ళు ఏటవాలుగా.

డాక్టర్ కళ్ళజోడు పైకి తోసుకుని వంగి చూసింది. బయట క్యూలో ఉన్నవాళ్ళు తలుపు తోస్తున్నా పట్టించుకోలేదు. "ఇరవై మూడేళ్ళ కంటి చరిత్ర, ఏడాదికి ఒక చుక్క చొప్పున! ఇలాంటిది నేను ఇంతవరకూ చూడలేదు. నాకో కాపీ ఇస్తారా?" అంది.

తల ఊపాను. ఏ ఎడిటరూ నాతో ఇలా మాట్లాడలేదు.

తర్వాత డాక్టర్ వేలు కుడివైపుకి జరిగి, గీత పడిపోయిన చోట ఆగింది. "ఇదేంటి? ఇక్కడ చూపు ఒక్కసారిగా కుర్రతనంలోలా అయిపోయిందే. పొర దానంతటది పోదు. ఏ మందు వాడారు?"

మా ఆవిడ నా పక్కన స్టూలు మీద కూర్చుని చేతిసంచి జిప్పు తీస్తోంది, వేస్తోంది.

"ఈవిడే డాక్టర్ గారూ" అన్నాను.

డాక్టర్‌కి అర్థం కాలేదు. మొదటినుంచీ చెప్పాల్సి వచ్చింది.